పిల్లల కడుపులో కణితులు: ఉత్తర తెలంగాణలో పరీక్ష, నిర్ధారణ

పిల్లల కడుపులో చేతికి తగిలే గడ్డలన్నీ కేన్సర్లు కావు. అయినా అయిదేళ్లలోపు పిల్లల్లో కొత్తగా గడ్డ కనిపిస్తే, కాదని తేలేవరకు కేన్సర్ అనే అనుమానంతోనే పరీక్షలు నడపాలన్నది పిల్లల వైద్యుల పాత కట్టుబాటు. కిడ్నీలో పుట్టే విల్మ్స్ కణితి, అడ్రినల్ గ్రంథిలోనో వెన్ను పక్కనున్న సింపథెటిక్ నాడుల్లోనో మొదలయ్యే న్యూరోబ్లాస్టోమా, కాలేయంలో వచ్చే హెపటోబ్లాస్టోమా, పేగుల చుట్టూ పెరిగే బర్కిట్ లింఫోమా, అండాశయాల్లోనూ తోకఎముక దగ్గరా కనిపించే జర్మ్ సెల్ కణితులు వీటిలో ముఖ్యమైనవి. పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలను దృష్టిలో పెట్టుకుని ఈ కణితులను గుర్తుపట్టే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. 2016 అక్టోబరులో ఆ రెండు జిల్లాలూ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వంటి జిల్లాలుగా విడిపోయాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది 19 ఏళ్లలోపు వారికి కేన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దక్కడం లేదు. 2018లో ఆ సంస్థ మొదలుపెట్టిన బాల్య కేన్సర్ కార్యక్రమం 2030 నాటికి కనీసం 60 శాతం మంది బతకాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో కొలబద్దలుగా ఎంచుకున్నవి ఆరు కేన్సర్లు. వాటిలో విల్మ్స్ కణితి, బర్కిట్ లింఫోమా ఉన్నాయి. సంపన్న, పేద దేశాల మధ్య ఉన్న ఆ తేడాకు మందుల కొరత ఒక్కటే కారణం కాదు. విల్మ్స్ కణితికి వాడే మందులు పాతవి, చవకైనవి. వాటిలో ఒకటైన విన్‌క్రిస్టిన్‌ను మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచే తీస్తారు. పిల్లలు నష్టపోయేది ఎక్కువగా గడ్డ కనిపించిన రోజుకూ, అది ఏమిటో తెలిసిన రోజుకూ మధ్య. ఆ నడిమి కాలంలో ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పినా నష్టమే.

వయసును బట్టి అనుమానం

పిల్ల వయసు తెలిస్తే సగం వడపోత అయిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో తగిలే గడ్డ చాలావరకు కేన్సర్ కాదు; సగానికి పైగా కిడ్నీకి సంబంధించినవే. మూత్రం పోయే దారి మూసుకుని కిడ్నీ ఉబ్బడం, కిడ్నీ అంతా నీటితిత్తులుగా మారడం వీటిలో ముఖ్యం. వీటిలో చాలా భాగం గర్భిణికి చేసే స్కానింగ్‌లోనే బయటపడుతున్నాయి. తొలి మూడు నెలల్లో కిడ్నీలో గట్టి కణితి ఉంటే విల్మ్స్ కన్నా మీసోబ్లాస్టిక్ నెఫ్రోమా అనే మెత్తని రకమే ఎక్కువ. ఆ వయసులో వచ్చే న్యూరోబ్లాస్టోమాల్లో కొన్ని ఏ మందూ లేకుండానే కరిగిపోతాయి. కేన్సర్ వైద్యంలో ఇంత వింత మరొకటి లేదు.

ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య విల్మ్స్, న్యూరోబ్లాస్టోమా, హెపటోబ్లాస్టోమా మూడూ గుంపుగా అనుమానంలోకి వస్తాయి. అయిదేళ్లు దాటాక లింఫోమాలు ముందుకొస్తాయి. పదేళ్లు దాటిన ఆడపిల్లల్లో అండాశయపు గడ్డలు ఎక్కువ. అయితే నెలసరి మొదలుకావలసిన వయసులో పొత్తికడుపు ఉబ్బి, నెలనెలా నొప్పి వస్తుంటే, రక్తం బయటికి దారి లేక లోపలే నిలిచిపోయిందేమో చూడాలి. గర్భం సంగతి కూడా అడగక తప్పదు. ఆ మాట పదిమంది ముందు కాక, పిల్లను పక్కకు తీసుకెళ్లి అడగాలి.

ఇంట్లో కనిపించే గుర్తులు

విల్మ్స్ కణితిని ముందుగా పట్టుకునేది చాలాసార్లు తల్లే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టేటప్పుడో, నీళ్లు పోసేటప్పుడో ఒక పక్క గట్టిగా చేతికి తగులుతుంది. పిల్ల మామూలుగానే ఆడుకుంటూ ఉంటుంది, నొప్పి ఉండదు. ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది. నొప్పి లేని గడ్డను ఎవరూ తొందరపడి చూపించరు. నాలుగు రోజులు చూద్దాం అనుకుంటారు. ఏలికపాములనుకుని నులిపురుగుల మాత్ర వేస్తారు, మలబద్ధకమనుకుని విరేచనాల మందు పోస్తారు. ఏజెన్సీ గూడేల్లో పొట్ట మీద చురకలు పెట్టించడం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ మచ్చలు చూసి తల్లిదండ్రులను కసిరితే వాళ్లు మళ్లీ రారు. కాలిన పుండు చీము పట్టి ఉంటే ఆపరేషన్, కీమోథెరపీ ఆలస్యమవుతాయి కాబట్టి దాన్ని రాసుకుని ముందుకు నడవడం మంచిది.

మలబద్ధకం నిజంగానే గడ్డలా తగులుతుంది. ఎడమ వైపు, పొత్తికడుపులో, వేలితో నొక్కితే సొట్ట పడే ముద్దలా ఉంటుంది. విరేచనం అయ్యాక పోతుంది. రెండు మూడు రోజుల్లో పోకపోతే అది మలబద్ధకం కాదు. ఏలికపాముల ఉండ కూడా చేతికి తగులుతుంది గానీ చోటు మారుతుంటుంది.

తక్కిన గుర్తుల్లో మూత్రంలో రక్తం, తగ్గని జ్వరం, రక్తహీనత, కాళ్లనొప్పులతో నడవనని మారాం చేయడం, కళ్ల చుట్టూ దెబ్బ తగలకుండానే నల్లగా కమలడం ముఖ్యమైనవి. బరువు తగ్గలేదు కదా అన్న ధీమా పనికిరాదు. కిలో, రెండు కిలోల కణితి తూకంలో పిల్ల బరువుగానే చేరుతుంది. అంగన్‌వాడీ టీచర్ దగ్గరుండే రంగుల టేపుతో జబ్బ చుట్టుకొలత తీస్తే అసలు పోషణ స్థితి బయటపడుతుంది. పొట్ట పెద్దదై, జబ్బ సన్నబడిన పిల్లను పోషకాహార లోపం ఖాతాలో రాసి పంపేసే ముందు పొట్ట మీద చేయి వేసి చూడటం అవసరం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వెళ్తాయి. గూడెంలోని పిల్లను డాక్టరు పడుకోబెట్టి చూసే అవకాశం చాలాసార్లు అదొక్కటే.

చేతి పరీక్ష

పరీక్షకు ముందు పిల్ల మూత్రం పోసుకోవాలి. నిండిన మూత్రాశయం గడ్డలా తగిలి మోసం చేస్తుంది. ఏడ్చే పిల్ల పొట్ట బిగుసుకుంటుంది కాబట్టి తల్లి ఒళ్లోనే, పాలు తాగుతుండగానో నిద్రలోనో చూడటం మేలు.

ఎడమ పక్కటెముకల కింద తగిలేది ప్లీహమా, కిడ్నీయా అన్నది ఈ ప్రాంతంలో పదేపదే ఎదురయ్యే ప్రశ్న. ప్లీహమైతే ఊపిరి పీల్చినప్పుడు కిందికి జారుతుంది, పెరిగేకొద్దీ బొడ్డు దాటి కుడి గజ్జ వైపు సాగుతుంది, అంచున ఒక నొక్కు దొరుకుతుంది, పైన పక్కటెముకల సందున వేళ్లు దూరవు. కిడ్నీ గడ్డ నడుము వైపు నిండుగా ఉంటుంది. ఒక చేయి నడుము కింద, ఇంకొకటి పొట్ట మీద పెట్టి ఎగదోస్తే రెండు చేతులకూ అందుతుంది. విల్మ్స్ కణితి నున్నగా ఉండి చాలావరకు ఒక పక్కకే పరిమితమవుతుంది. న్యూరోబ్లాస్టోమా బొడిపెలు బొడిపెలుగా, కదలకుండా, నడిమి గీత దాటి ఉంటుంది. ఈ తేడాలు పాఠ్యపుస్తకంలో ఉన్నంత చక్కగా చేతికి దొరకవు. అందుకే చేతితో తేల్చేయాలన్న పట్టుదల వద్దు. ఏదో ఉందని తెలిస్తే చాలు, అదేమిటో చెప్పే పని స్కానింగ్‌ది.

పదిమందీ పదేపదే నొక్కడం ప్రమాదం. విల్మ్స్ కణితి పైపొర పలచన. చిట్లితే కణాలు కడుపంతా చెదిరి, జబ్బు ఒక దశ ముదిరినట్టే లెక్క. బోధనాసుపత్రుల్లో ఇలాంటి పిల్ల మంచానికి, పొట్ట నొక్కవద్దని అట్ట రాసి కట్టే అలవాటు ఊరికే రాలేదు.

పిల్లల్లో తరచుగా వదిలేసే పరీక్ష రక్తపోటు. విల్మ్స్ ఉన్న వారిలో సుమారు నలుగురికి ఒకరిలో రక్తపోటు ఎక్కువగా ఉంటుంది. కణితి నుంచి రెనిన్ రావడం అందుకు కారణం. న్యూరోబ్లాస్టోమాలో కూడా పెరగవచ్చు. పెద్దల పట్టీ చుట్టి చూస్తే అంకె తక్కువ చూపుతుంది. చేతికి సరిపడే చిన్న పట్టీ లేకపోతే ఆ కొలతకు విలువ లేదు.

తర్వాత తల నుంచి కాలి దాకా చూడాలి. కంటిలో నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు వలయం పుట్టుకతోనే లేకపోవడం, ఒక పక్క కాలూ చేయీ రెండో పక్క కన్నా లావుగా ఉండటం, పెద్ద నాలుక, మగపిల్లల్లో వృషణం కిందికి దిగకపోవడం, మూత్రద్వారం అడుగున ఉండటం విల్మ్స్ వైపు చూపుతాయి. కనుగుడ్డు ముందుకు పొడుచుకురావడం, పసిపిల్లల చర్మం కింద నీలపు బుడిపెలు, కళ్లు అదుపు లేకుండా ఇటూ అటూ ఎగరడం న్యూరోబ్లాస్టోమా గుర్తులు. కాళ్లు పట్టు తప్పితే వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం. ఆ పిల్లను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి.

బల్ల మాటున కణితి

దేశంలో మరెన్నో చోట్లకు లేని చిక్కు ఆదిలాబాద్‌కు ఒకటుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, తిర్యాణి వైపు ఏజెన్సీలో మలేరియా తరతరాలుగా ఉంది. గోండు, కొలాం, ప్రధాన్ వంటి తెగల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువ. తలసీమియా కూడా ఉంది. ఈ మూడింటిలోనూ ప్లీహం పెరుగుతుంది. ఊళ్లో దాన్ని బల్ల అంటారు. కడుపులో గట్టిగా ఏదో ఉన్న పిల్లను చూసి బల్ల అనుకోవడం ఇక్కడ తప్పు కాదు, చాలాసార్లు అది నిజమే. ఆ అలవాటు మీదనే ఎడమ కిడ్నీ కణితి నెలల తరబడి దాక్కోగలదు.

సికిల్ సెల్ విషయంలో పాశ్చాత్య పుస్తకం మీద ఆధారపడితే ఇంకో పొరపాటు జరుగుతుంది. సికిల్ జబ్బున్న పిల్లల్లో అయిదేళ్ల నాటికే ప్లీహం ఎండి కుంచించుకుపోతుందని ఆ పుస్తకాల్లో ఉంటుంది. మధ్యభారతపు గిరిజనుల్లో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉండటం వల్ల పెద్ద వయసులోనూ ప్లీహం పెద్దగానే ఉండవచ్చు. కాబట్టి ఎనిమిదేళ్ల గోండు పిల్లవాడికి ప్లీహం తగిలినంత మాత్రాన సికిల్ సెల్ కాదనలేం. సికిల్ కార్డు చేతిలో ఉంది కదా అని ప్రతి గడ్డనూ ప్లీహమనీ అనలేం. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల వరకు అందరికీ రక్త పరీక్షలు చేస్తున్నారు. ఆ శిబిరాల్లో వేలు పొడిచి రక్తం తీసేటప్పుడే పిల్లల పొట్ట కూడా చూస్తే అదనపు ఖర్చేమీ లేదు.

సికిల్ పిల్లలో ప్లీహం ఒక్కసారిగా ఉబ్బి, ఒళ్లు తెల్లబారిపోతే అది గంటల్లో ప్రాణం తీసే స్థితి; కణితి కోసం వెతకడం ఆపి ముందు రక్తం ఎక్కించాలి. జ్వరం, రక్తహీనత, చర్మం మీద ఎర్రచుక్కలతో ప్లీహం పెరిగితే లుకేమియాను మరవకూడదు. మలేరియా స్లైడ్ పాజిటివ్ వచ్చినా, మందు పూర్తయ్యాక బల్ల తగ్గుతోందో లేదో మళ్లీ చూడాలి. తగ్గకపోతే స్కానింగ్ చేయించాలి.

అల్ట్రాసౌండ్

మొదటి పరీక్ష అల్ట్రాసౌండే. రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు, తల్లి ఒళ్లో కూర్చోబెట్టి చేయవచ్చు. ఆదిలాబాద్ రిమ్స్ బోధనాసుపత్రి 2008 నుంచి ఉంది. తర్వాతి ఏళ్లలో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, నిర్మల్, ఆసిఫాబాద్‌లకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కరీంనగర్ చుట్టూ ప్రైవేటు వైద్య కళాశాలలున్నాయి. పట్టణాల్లో స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు. కడుపులో గడ్డ అన్న అనుమానం వచ్చిన పిల్లకు అదే వారంలో స్కానింగ్ జరగకపోవడానికి ఈనాడు దూరం తప్ప మరో కారణం చెప్పలేం.

అయితే కడుపులో పెద్ద గడ్డ ఉంది, సీటీ తీయించండి అని రెండు ముక్కల్లో రాసిన రిపోర్టు ఎవరికీ పనికిరాదు. ఏ అవయవంలో పుట్టింది? గట్టిదా, నీటితిత్తా? రెండో కిడ్నీ బాగుందా? కిడ్నీ సిరలో, అక్కడి నుంచి గుండెకు వెళ్లే మహాసిరలో కణితి ముక్క పాకిందా? కాలేయంలో మచ్చలు, కడుపులో నీరు, వాచిన గ్రంథులు ఉన్నాయా? ఇవన్నీ అల్ట్రాసౌండ్‌తోనే చాలావరకు తేలతాయి. కిడ్నీలోంచి పుట్టిన కణితి చుట్టూ మిగిలిన కిడ్నీ కణజాలం గోరు ఆకారంలో పట్టుకుని కనిపిస్తుంది. అడ్రినల్ నుంచి వచ్చినదైతే కిడ్నీ రూపు చెడకుండా కిందికి జరిగి ఉంటుంది. మహాసిర సంగతి రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌తో బాగా తెలుస్తుంది. ఆపరేషన్ బల్ల మీద కాక ముందే తెలియాల్సిన విషయమిది.

విల్మ్స్ కణితి

జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ 1899లో ఈ కిడ్నీ కణితులపై గ్రంథం రాశాడు, పేరు ఆయనదే. పిల్లల కిడ్నీ కేన్సర్లలో పదింట తొమ్మిది ఇవే. మూడు నాలుగేళ్ల వయసులో ఎక్కువ. ఇరవైమందిలో ఒకరికి పైగా రెండు కిడ్నీల్లోనూ ఉంటుంది. అందుకే రెండో కిడ్నీ చూడకుండా మొదటిదాన్ని కోసేయడం ఘోరం. వ్యాపిస్తే ముందుగా ఊపిరితిత్తులకు, తర్వాత కాలేయానికి.

నిర్ధారణ తీరులో ప్రపంచం రెండుగా చీలింది. 1969లో అమెరికాలో మొదలైన జాతీయ విల్మ్స్ అధ్యయన బృందం పద్ధతిలో ముందు ఆపరేషన్ చేసి, తీసిన కిడ్నీని పరీక్షించి దశ నిర్ణయిస్తారు. ఐరోపా వైపు అంతర్జాతీయ బాల్య కేన్సర్ సంఘం ముందు నాలుగు వారాలు విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్ ఇచ్చి, కణితి కుంచించుకున్నాక ఆపరేషన్ చేస్తుంది. మామూలు వయసులో, స్కానింగ్ లక్షణాలు సరిపోలితే ముక్క తీయకుండానే మందు మొదలుపెడుతుంది. చివరి ఫలితాల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. అయితే మన జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో కణితి అప్పటికే పెద్దదై ఉంటుంది కాబట్టి, చిట్లే ముప్పు తగ్గించే రెండో పద్ధతి ఇక్కడికి ఎక్కువ పొసగుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాని షరతు ఒకటుంది. ముక్క చూడకుండా మందు ఇస్తున్నాం కాబట్టి స్కానింగ్ చదివేవారు అనుభవజ్ఞులై ఉండాలి. ఆరు నెలలలోపు పిల్లలకూ, వయసు మీరినవారికీ, వింతగా కనిపించే కణితులకూ ఈ సౌలభ్యం వర్తించదు.

న్యూరోబ్లాస్టోమా

ఈ కణితి కనబడేసరికి దాదాపు సగం మందిలో ఎముకలకో మజ్జకో పాకి ఉంటుంది. విల్మ్స్ పిల్ల ఆరోగ్యంగా కనిపిస్తే, న్యూరోబ్లాస్టోమా పిల్ల జబ్బుపడ్డట్టే ఉంటుంది: పాలిపోయి, చిరాకుగా, ఎత్తుకుంటే ఏడుస్తూ. కీళ్లవాతం అనుకుని నెలల తరబడి నొప్పి మాత్రలు వాడినవారు, రక్తహీనతకు ఐరన్ టానిక్ తాగినవారు ఉంటారు.

ఎక్స్‌రేలోనూ సీటీలోనూ సున్నపు చుక్కలు కనిపించడం దీని లక్షణం. విల్మ్స్‌లో అవి అరుదు. విల్మ్స్ రక్తనాళాలను పక్కకు నెడుతుంది, ఇది వాటిని చుట్టేసుకుంటుంది, బృహద్ధమనిని వెన్ను మీది నుంచి పైకి ఎత్తుతుంది. మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ అనే రెండు పదార్థాలు పదింట తొమ్మిదిమందిలో పెరుగుతాయి. రోజంతా మూత్రం పట్టనక్కర్లేదు, ఒక్కసారి పట్టిన నమూనాలో క్రియాటినిన్‌తో నిష్పత్తి చూసినా సరిపోతుంది. మజ్జను తుంటికి రెండు వైపులా తీయాలి, ఒక పక్కే తీస్తే తప్పిపోవచ్చు. ఒళ్లంతా ఎక్కడెక్కడ ఉందో చూపే ఎంఐబీజీ స్కాన్, కణితి ముక్కలో ఎంవైసీఎన్ జన్యువు పరీక్ష హైదరాబాద్ స్థాయిలో జరిగేవి. ఆ జన్యువు ప్రతులు పెరిగి ఉంటే జబ్బు దూకుడుగా నడుస్తుంది, చికిత్స మారుతుంది. పద్దెనిమిది నెలల వయసు ఇక్కడ ఒక గీత. అంతకన్నా చిన్నపిల్లల్లో అదే జబ్బు మెతకగా నడుస్తుంది.

కాలేయం, పేగులు, తక్కినవి

హెపటోబ్లాస్టోమా ఎక్కువగా మూడేళ్లలోపు వస్తుంది. నెలలు నిండకుండా, చాలా తక్కువ బరువుతో పుట్టినవారిలో ముప్పు ఎక్కువ. రక్తంలో ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ చాలామందిలో విపరీతంగా పెరుగుతుంది. అయితే పుట్టిన ప్రతి బిడ్డకూ అది వేలల్లోనే ఉండి, ఏడాది నిండేసరికి పెద్దల స్థాయికి దిగుతుంది. రెండు నెలల బిడ్డ రిపోర్టు పక్కన పెద్దల సాధారణ విలువ అచ్చువేసి ఎర్రగీత గీసే ల్యాబులను నమ్మి భయపడకూడదు. కణితి ఉండి కూడా ఏఎఫ్‌పీ 100 లోపే ఉంటే అది శుభం కాదు, మొండి రకానికి గుర్తు. కాలేయంలో తిత్తి కనిపిస్తే హైడాటిడ్ జబ్బును కూడా అనుమానించి, ఆ సంగతి తేలకుండా సూది గుచ్చకూడదు.

బర్కిట్ లింఫోమాను ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్ 1958లో ఉగాండా పిల్లల దవడల్లో వర్ణించాడు. మన దగ్గర అది ఎక్కువగా కడుపులోనే, చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట పుడుతుంది. మనిషి కేన్సర్లలో దీని అంత వేగంగా పెరిగేది లేదు. ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు కాగలదు. ఆరేడేళ్ల పిల్లవాడికి పేగులో పేగు దూరిందంటే వెనక లింఫోమా ఉందేమో చూడాలి. వీరికి ఎల్‌డీహెచ్, యూరిక్ ఆమ్లం, పొటాషియం, క్రియాటినిన్ అదే రోజు చూడాలి. మందు పడగానే కణితి ఒక్కసారిగా కరిగి కిడ్నీలను మూసేయగలదు, కాబట్టి ముందే సిద్ధం కావాలి. పెద్ద ఆపరేషన్‌తో కణితి తీయాల్సిన పని లేదు. కడుపులో నీరో, ఛాతీలో నీరో, మజ్జో తీసి చూస్తే చాలాసార్లు జబ్బు తేలిపోతుంది. బర్కిట్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం నుంచి వచ్చింది. దానికి ముందుదైన అమినాప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా పిల్లల్లో జబ్బు తగ్గించి చూపాడు.

లింఫోమాకు ఇక్కడ పెద్ద మారువేషం కడుపు క్షయ. రెండింటిలోనూ జ్వరం, బరువు తగ్గడం, కడుపులో నీరు, వాచిన గ్రంథులు ఉంటాయి. క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దామనే ధోరణి ఉంది. బర్కిట్‌కు రెండు నెలలంటే ప్రాణమే. నీటినో గ్రంథినో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్షకూ, సూక్ష్మదర్శినికీ పంపకుండా టీబీ అని రాయకూడదు. ఆయాసానికో జ్వరానికో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వడం ఇంకా చెడు చేస్తుంది. లింఫోమా, లుకేమియా కణాలు స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా కరిగి, తర్వాత తీసిన ముక్కలో ఏమీ దొరకకుండా పోతాయి.

జర్మ్ సెల్ కణితులకు ఏఎఫ్‌పీతో పాటు బీటా హెచ్‌సీజీ చూడాలి. ఆడపిల్లకు హఠాత్తుగా కడుపునొప్పి వచ్చి అండాశయంలో గడ్డ ఉంటే మెలిపడిందేమో తేల్చాలి. మూత్రాశయం, ప్రోస్టేట్ దగ్గర పుట్టే రాబ్డోమయోసార్కోమా మూత్రం ఆగిపోవడంతో బయటపడుతుంది.

సీటీ, సూది, కత్తి

అల్ట్రాసౌండ్‌లో గట్టి కణితి అని తేలాక కడుపుకూ ఛాతీకీ కలిపి కాంట్రాస్ట్ సీటీ అవసరమవుతుంది. కాంట్రాస్ట్ ఇచ్చాక ఒక్కసారి తీస్తే చాలు. పెద్దలకు చేసినట్టు మూడు నాలుగు దఫాలు తీస్తే పిల్లకు రేడియేషన్ అన్ని రెట్లు పడుతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. చికిత్స ఇవ్వబోయే ఆసుపత్రిలోనే తీయించడం ఉత్తమం. జిల్లాలో ఒకటి తీసి, అది సరిగా రాలేదని హైదరాబాద్‌లో మరొకటి తీయడం మామూలైపోయింది. వెన్నులోకి పాకిందన్న అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ కావాలి.

ముక్క తీయడం చికిత్స చేసే బృందం నిర్ణయించవలసిన పని. కిడ్నీ కణితిని ముందు నుంచి కోసి చూస్తే, అమెరికా పద్ధతి లెక్కన జబ్బు మూడో దశకు చేరుతుంది, రేడియేషన్ తప్పనిసరి అవుతుంది. తీయక తప్పకపోతే అల్ట్రాసౌండ్ చూస్తూ, వీపు వైపు నుంచి, లావుసూదితో తీస్తారు. సన్నసూదితో లాగి చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ మన ఊళ్లలో చవకగా, త్వరగా దొరుకుతుంది. కేన్సర్ ఉందో లేదో చెప్పడానికి అది పనికొస్తుంది గానీ ఏ రకమో చెప్పడానికి చాలాసార్లు చాలదు. న్యూరోబ్లాస్టోమా, లింఫోమా, రాబ్డోమయోసార్కోమా, విల్మ్స్ కణాలు సూక్ష్మదర్శినిలో అన్నీ చిన్న, గుండ్రటి, నీలి కణాలే. వాటిని విడదీయడానికి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ రంగులు వేయాలి. అందుకు కణజాలం తగినంత కావాలి, దానికి పదింతల ఫార్మలిన్ కావాలి. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి పంపిన ముక్క పాడవుతుంది.

జిల్లాలో ఇప్పటికే ముక్క తీసి ఉంటే, రిపోర్టు కాగితం ఒక్కటే చేతికిచ్చి పంపకూడదు. మైనపు బ్లాకులు, స్లైడ్లు, స్కానింగ్ సీడీ కూడా ఇవ్వాలి. అవి లేక మళ్లీ కోయించుకున్న పిల్లలు ఉన్నారు.

ఎక్కడికి, ఎలా

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు జాతీయ రహదారి 44 మీద సుమారు 300 కిలోమీటర్లు. నాగ్‌పూర్ అంతకన్నా దగ్గర. పెన్‌గంగ దాటి యవత్‌మాల్, సేవాగ్రామ్, నాగ్‌పూర్ ఆసుపత్రులకు వెళ్లడం ఈ జిల్లా ప్రజలకు పాత అలవాటు. కరీంనగర్ వారికి వరంగల్ ఎంజీఎం కూడా అందుబాటులో ఉంది. హైదరాబాద్‌లో 1953 నాటి నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, 1955లో మొదలైన ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, నిమ్స్, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ప్రధాన గమ్యాలు. పిల్లల సర్జన్, పిల్లల కేన్సర్ వైద్యుడు, పాథాలజిస్ట్, రేడియేషన్ వైద్యుడు ఒకే చోట కూర్చుని నిర్ణయించగలిగే ఆసుపత్రికి పంపడం ముఖ్యం. మధ్యలో మూడు ఆసుపత్రులు తిప్పితే కుటుంబం చేతిలో డబ్బు నిర్ధారణ కాకముందే అయిపోతుంది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కేన్సర్ ఆపరేషన్లు, కీమోథెరపీ దాని పరిధిలోకి వస్తాయి. జబ్బు పేరు తేలేముందు బయట చేయించే పరీక్షల ఖర్చు మాత్రం చాలావరకు ఇంటి మీదే పడుతుంది. 2021లో జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో రక్త, మూత్ర పరీక్షలు ఉచితం. రక్తకణాలు, కిడ్నీ, కాలేయ పరీక్షలు అక్కడే ముగించుకుని బయలుదేరవచ్చు. రెఫర్ చీటీలో గడ్డ మొదట ఎప్పుడు కనిపించింది, రక్తపోటు ఎంత, స్టెరాయిడ్ ఇచ్చారా, టీబీ మందులు వాడారా, సికిల్ పరీక్ష ఫలితం ఏమిటి అన్న నాలుగైదు వాక్యాలుంటే అవతలి డాక్టరుకు సగం పని తగ్గుతుంది. గోండి, కొలామి తప్ప మరో భాష రాని తల్లికి ఆ సంగతులు కాగితం మీద ఉండటం మరీ అవసరం.

ముప్పున్న పిల్లలపై నిఘా

కొందరిలో కణితి రాకముందే వచ్చే అవకాశం తెలుస్తుంది. కంటిలో రంగు వలయం లేకుండా పుట్టినవారు, శరీరం ఒక పక్క పెద్దగా పెరిగేవారు, పెద్ద నాలుక, బొడ్డు హెర్నియాలతో కనిపించే బెక్‌విత్-వీడెమన్ లక్షణాలున్నవారు ఈ కోవకు చెందుతారు. వీరికి ఏడో ఏడు నిండేదాకా మూడు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయాలని అంతర్జాతీయ సిఫారసు. బెక్‌విత్-వీడెమన్ పిల్లలకు తొలి ఏళ్లలో ఏఎఫ్‌పీ కూడా చూస్తారు. మూడు నెలలన్న గడువు విల్మ్స్ కణితి పెరిగే వేగాన్ని బట్టి పెట్టింది. ఆరు నెలలకోసారి చూస్తే మధ్యలో తప్పిపోతుంది. ఈ స్కానింగ్‌కు హైదరాబాద్ వెళ్లాల్సిన పని లేదు, జిల్లా ఆసుపత్రిలోనే చేయించుకోవచ్చు. అయితే ప్రతిసారీ రెండు కిడ్నీల కొలతలూ రాయించి, పాత రిపోర్టులు పక్కన పెట్టి పోల్చమని అడగాలి.